మట్టి గుండా మాట

1977లో భూమిని విడిచిన వాయేజరు-1 అను అంతరిక్ష నౌక 2025 నాటికి 2,400 కోట్ల కిలోమీటర్లకు పైబడిన దూరమునకు చేరెను. దానిలోని ప్రేషక యంత్రపు శక్తి సుమారు 23 వాట్టులు మాత్రమే. ఒక చిన్న గదిలోని దీపమునకు చాలునంత. అంత స్వల్ప శక్తితో అంత దూరమునుండి బయలుదేరిన వార్తను మానవుడు చెవియొగ్గి వినగలిగినాడు. కాని తన కాళ్ళక్రింద మూడువందల మీటర్ల లోతున చిక్కుపడిన తోటిమనుష్యుని మాట వినుట అతనికి ఇంకను సులభసాధ్యము కాలేదు. ఆకాశము తెరచిన వాకిలి. నేల మూసిన తలుపు.

ఆ తలుపు ఎంత గట్టిదో తెలుగునాట ఇటీవలనే తెలియవచ్చినది. 2025 ఫిబ్రవరి 22వ తేదీన నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము పైకప్పు కూలి, ముఖద్వారమునకు సుమారు 14 కిలోమీటర్ల లోపల 8 మంది చిక్కుపడిరి. బురదయు నీరును దారిని కప్పివేసినవి. ఎవరు ఎక్కడ నున్నదియు తెలుపు మాట ఒక్కటియు బయటికి రాలేదు. నేలను తడవి చూచు రాడారులను తెచ్చిరి. వాసన పట్టు జాగిలములను రప్పించిరి. మార్చి నెలాఖరుకు ఇద్దరి దేహములు మాత్రమే లభించినవి. అంతకు పదునైదు నెలల క్రిందట, 2023 నవంబరులో, ఉత్తరాఖండములోని సిల్క్యారా సొరంగమున 41 మంది చిక్కుకొని 17వ దినమున అందరును ప్రాణములతో బయటపడిరి. అక్కడ 4 అంగుళముల గొట్టమొకటి శిథిలముల నడుమ చెడక నిలిచినది. దానిగుండా గాలి పోయినది, ఆహారము పోయినది. అన్నింటికంటె ముఖ్యముగా మాట పోయినది. రెండు ప్రమాదములును ఒక్క తీరువి కావు; ఒకదానిని చూపి రెండవదానిని నిందించుట తగదు. అయినను గొట్టమో తీగయో నిలువనిచోట మట్టినే దారిగా చేసికొని మాటను పంపగలమా అను ప్రశ్న మాత్రము రెండింటినుండియు పుట్టుచున్నది.

ఈ ప్రశ్న వయస్సు నూట ఎనుబది సంవత్సరములకు పైమాటే.

ఇనుప పట్టాలు నేర్పిన పాఠము

1838లో స్టైన్‌హైల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, న్యూరెంబర్గు నగరమునుండి ఫుర్తు వరకు వేసిన రైలు పట్టాలనే టెలిగ్రాఫు తీగలుగా వాడవచ్చునేమో యని పరీక్షించెను. ఒక పట్టా పోవు దారి, రెండవది తిరిగివచ్చు దారి కావలెనని అతని ఊహ. ప్రయోగము చెడినది. ఒక పట్టానుండి మరియొక పట్టాకు విద్యుత్తు నేలగుండా కారిపోవుచుండెను. మరొకడైనచో విసుగు చెంది విడిచివేసెడివాడే. స్టైన్‌హైల్ ఆ కారుటనే గమనించి, నేల విద్యుత్తునకు దారి యగుచున్నచో తిరుగుదారికి వేరొక తీగ యెందులకని తలచెను. అప్పటినుండి టెలిగ్రాఫునకు రెండు తీగల బదులు ఒకే తీగయు, దాని రెండు కొనల పాతిన రెండు లోహపు పలకలును చాలినవి. చెడిన ప్రయోగమునుండి సగము తీగ మిగిలినది.

సగము తీగ మిగిలినప్పుడు, మిగిలిన సగము మాత్రము ఎందులకని అడుగుట సహజము. బ్రిటిషు తపాలాశాఖ ఇంజనీరు విలియం ప్రీస్ 1892లో వేల్సు తీరమునుండి ఫ్లాట్‌హోమ్ ద్వీపమునకు, నడుమ తీగ లేకుండ, అయిదు కిలోమీటర్ల దూరము సంకేతములను పంపెను. ఒడ్డున చాచిన పొడవాటి తీగలో విద్యుత్తు హెచ్చుతగ్గులు పొందినచో ద్వీపములోని తీగలో దాని ఛాయ పుట్టుచుండెను. మొదటి ప్రపంచ యుద్ధమున కందకములలోని సైనికులు రెండు ఇనుప మేకులను దూరదూరముగా నేలలో దిగగొట్టి, వాటి నడుమ గరగరలాడు విద్యుత్తును పంపుచుండిరి. శత్రువుల గుండ్లకు తీగలు తెగిపోయినను నేల తెగదు. కాని నేల రహస్యమును దాచదు కూడ. జర్మను సైనికులును తమ మేకులను పాతి, ఇంగ్లీషువారి టెలిఫోనులనుండి మట్టిలోనికి కారిన మాటలను వినుచుండిరి.

ఇవి మాటను పంపుటకు జరిగిన యత్నములు. నికోలా టెస్లా అంతటితో తృప్తిపడలేదు. 1899లో కొలరాడో స్ప్రింగ్సులో ప్రయోగములు సాగించి, 1901లో న్యూయార్కు సమీపమున వార్డెన్‌క్లిఫ్ అనుచోట పెద్ద గోపురమును కట్ట నారంభించెను. భూగోళమునే ఒక విద్యుద్వాహకముగా చేసి, మాటతోబాటు బలమును గూడ లోకమంతటికి పంచవలెనని అతని ఆశయము. ధనము చాలలేదు, పని నిలిచిపోయినది, 1917లో గోపురమును పడగొట్టిరి. ధనమే చాలియున్నను ఆ కల ఫలించియుండెడిది కాదని తరువాతి శాస్త్రము చెప్పుచున్నది. ఏల ఫలింపదో తెలిసికొనినచో ఈ విషయము సారమంతయు తెలిసినట్లే.

నేల చేయు వడపోత

విద్యుదయస్కాంత తరంగము నేలను తాకినప్పుడు మట్టిలో చిన్నచిన్న విద్యుత్సుడులు పుట్టును. అవి తరంగపు శక్తిని వేడిగా మార్చి ఖర్చు పెట్టును. తరంగము ఎంత వేగముగా కంపించునో, అనగా దాని పౌనఃపున్యము ఎంత హెచ్చునో, సుడులంత బలముగా నుండును. తరంగమంత త్వరగా అణగారును. కనుకనే ఆకాశమున స్వేచ్ఛగా తిరుగు సెల్‌ఫోను తరంగము తడిమట్టిలో మీటరు రెండు మీటర్లు పోవునప్పటికే సొమ్మసిల్లును.

ఈ లెక్కను ఉన్నత పాఠశాల విద్యార్థియు చేయగలడు. మట్టియొక్క విద్యున్నిరోధకతను ఓమ్-మీటర్లలో తీసికొని, దానిని పౌనఃపున్యముచేత భాగించి, వర్గమూలము కట్టి, 503చేత గుణించినచో కొన్ని మీటర్లు వచ్చును. అంత లోతునకు పోవునప్పటికి తరంగపు బలము నూటికి 37 వంతులకు తగ్గును. సాధారణమైన నేలకు నిరోధకత 100 ఓమ్-మీటర్లని అనుకొనినచో, సెకనుకు లక్ష కంపనములు గల తరంగమునకు ఈ లోతు 16 మీటర్లు. వేయి కంపనముల తరంగమునకు 159 మీటర్లు. పది కంపనముల తరంగమునకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు. పౌనఃపున్యమును నాలుగవ వంతునకు తగ్గించినచో లోతు రెండింతలగును. మెల్లగా పలికినవాని మాటయే నేలలో దూరము పోవునన్నమాట.

కాని మెల్లగా పలుకువాడు ఎక్కువ మాటలు పలుకలేడు. సెకనుకు పదిమారులు కదలు తరంగముపై ఎక్కించి పంపగల వార్త కొద్దిపాటి అంకెలకు మించదు. చమురు బావులను త్రవ్వువారు లోతుననున్న బరమా కొననుండి ఇట్టి తరంగములతో వార్తలు తెప్పించుకొనుచున్నారు. అక్కడినుండి వచ్చునవి సెకనుకు కొన్ని అంకెలు. చిత్రములు కావు, సంభాషణలు కావు. దీనికి తోడు లోకములోని పిడుగులన్నియు ఇదే పౌనఃపున్య ప్రాంతమున ఉరుముచుండును. ఊరి విద్యుత్తు తీగలు సెకనుకు 50 కంపనములతో నిరంతరము హుంకరించుచుండును. ఈ గోలలో భూగర్భమునుండి వచ్చు మూలుగును ఏరుకొనవలెను.

నేలలన్నియు ఒక్కతీరువి గావు. తడిసిన నల్లరేగడికి విద్యున్నిరోధకత తక్కువ. అది తరంగములను త్వరగా మ్రింగును. ఎండిన గరుసునేలకును, పగుళ్ళులేని గట్టి రాతికిని నిరోధకత ఎక్కువ. వాటి గుండా తరంగము సుఖముగా సాగును. ఒకరికి ఆటంకమైనది మరియొకరికి వార్త యగుటయు కలదు. నాలుగు మేకులను పాతి నేల నిరోధకతను కొలిచినచో క్రింద నీరున్నదో లేదో ఊహింపవచ్చును; ఇట్లు నేల నిరోధకతను కొలుచు పద్ధతులను ఫ్రాన్సులో ష్లుంబర్జే, అమెరికాలో వెన్నరు 1910 తరువాతి సంవత్సరములలో చూపిరి. 1961లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనాలయము భూగర్భజలముల అన్వేషణలో ఇట్టి పద్ధతులను వాడినది. బోరు వేయుటకు ముందు పొలములో తీగలు పరచి కొలతలు తీయువారిని చూచిన పిల్లలు తెలుగు పల్లెలలో ఎందరో యున్నారు. మాటను మ్రింగు నీరే అక్కడ వెదకబడు నిధి.

గనిలోని టోపీదీపము

ఈ శాస్త్రమునకు ప్రాణముతో సంబంధమున్న చోటు గని. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖనిలోని 7వ ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది సింగరేణి కార్మికులు అసువులు బాసిరి. 2006 జనవరి 2వ తేదీన అమెరికాలో పశ్చిమ వర్జీనియాలోని సాగో బొగ్గుగనిలో ప్రేలుడు సంభవించి 13 మంది లోపల చిక్కుపడిరి. టెలిఫోను తీగలు ప్రేలుడులో తెగినవి. కార్మికులు పైకప్పునకు దిగగొట్టిన బోల్టులను సుత్తితో మోదిరి. ఆ చప్పుడు పైనున్న వారెవరికిని వినరాలేదు. రక్షకులు చేరునప్పటికి ఒక్కడు తప్ప అందరును మరణించిరి. ఆ సంవత్సరమే అమెరికా శాసనసభ, గనులలో ఇరువైపులనుండియు తీగలేకుండ మాటలాడు సాధనములు మూడేండ్లలో ఏర్పడవలెనని చట్టము చేసెను.

చట్టము చేసినంత సులభముగా నేల దారి ఇవ్వలేదు. పైనుండి క్రిందికి పంపుట కొంత నయము. కొండపై వందల మీటర్ల తీగను వలయముగా పరచి, పెద్ద యంత్రముతో బలమైన విద్యుత్తును పంపవచ్చును. ఆస్ట్రేలియాలో రూపొందిన ఒక సాధనము ఇట్లే పనిచేయును: పైనుండి వచ్చు మందగతి తరంగమును కార్మికుని టోపీదీపముతో కూడిన చిన్న గ్రాహకము అందుకొని, దీపమును మినుకు మినుకుమనిపించి, కొన్ని అక్షరములను చూపును. 1998లో యూటా రాష్ట్రమునందలి విల్లో క్రీక్ గనిలో మంటలు రేగినప్పుడు ఈ హెచ్చరిక అందుకొనియే కార్మికులు బయటికి నడచిరి.

క్రిందినుండి పైకి బదులు చెప్పుటయే కష్టము. గనిలో వందల మీటర్ల వలయమును పరచుటకు చోటు లేదు. బలమైన విద్యుత్తును వాడుటకును వీలులేదు. బొగ్గుగని గాలిలో మీథేను నూటికి 5 నుండి 15 పాళ్ళు కలసినచో ఒక్క నిప్పురవ్వ చాలును. కాబట్టి క్రిందివానికి చిన్న గొంతు, పైవానికి పెద్ద గొంతు. పైవాడు కేక వేయును, క్రిందివాడు గుసగుసలాడవలెను, పైవాడు పిడుగుల గోలలో ఆ గుసగుసను వినవలెను. గుహలలో తిరుగువారు ఈ చిక్కును కొంత విప్పుకొనిరి. ఇంగ్లండులో జాన్ హే రూపొందించిన హేఫోను సెకనుకు 87,000 కంపనముల తరంగముతో రాతిగుండా మాటలను మోయును. 2018లో థాయిలాండులోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది బాలురును వారి శిక్షకుడును చిక్కుకొనినపుడు బ్రిటిషు రక్షకులు ఈ సాధనములనే అక్కడికి తీసికొనిపోయిరి.

మాటను పెంచవచ్చును, బలమును పెంచరాదు

మనుష్యుడున్నచోట బ్యాటరీని మార్చును. మనుష్యుడు లేనిచోట, మట్టిలో పాతిన పరికరమే మాటలాడవలసివచ్చినప్పుడు, టెస్లా ప్రశ్న మరల ఎదురగును. మట్టిలోని తేమను, వేడిమిని, ఒత్తిడిని కనిపెట్టు చిన్న సెన్సరునకు నిత్యము బలమెట్లు అందవలెను?

రెండు తీగచుట్టలను తీసికొని, ఒకదానిలో మారుచుండు విద్యుత్తును పంపినచో రెండవదానిలో విద్యుత్తు పుట్టునని ఫారడే 1831లోనే చూపెను. నేటి వంటింటి ఇండక్షను పొయ్యికిని, తీగలేని ఫోను చార్జరునకును మూలమిదియే. చుట్టల పరిమాణము కంటె నడుమ దూరము బాగుగా హెచ్చినప్పుడు, రెండవ చుట్టలో పుట్టు విద్యుత్పీడనము దూరపు ఘనమును బట్టి తగ్గును. అందు శక్తి దాని వర్గమును బట్టి, అనగా దూరపు ఆరవ ఘాతమును బట్టి తగ్గును. ఒక మీటరు దూరమున ఒక వాట్టు అందుచున్నదనుకొనినచో, రెండు మీటర్ల దూరమున అందునది 64వ వంతు. నాలుగు మీటర్ల దూరమున 4,096వ వంతు. పది మీటర్ల దూరమున పది లక్షలవ వంతు, అనగా ఒక మైక్రోవాట్టు. మట్టి మ్రింగునది దీనికి అదనము.

మాటకును ఇదే నష్టము కలదుగదా, మరి మాట యెట్లు చేరుచున్నదని విద్యార్థి అడుగవచ్చును. మాటయు క్షీణించియే చేరును. కాని దానిని అందుకొన్న యంత్రము తన సొంత బ్యాటరీ బలముతో దానిని వేయిరెట్లు, లక్షరెట్లు పెంచి వినిపించును. వచ్చినది మూలుగైనను అది 'అవును' అను మూలుగో, 'కాదు' అను మూలుగో తెలిసిన చాలును. బలము అట్టిది కాదు. వచ్చినదంతయే దక్కినది, దానిని పెంచుటకు మరియొక బలము కావలెను. టెస్లా స్వప్నమునకును, కందకములోని సైనికుని మేకులకును గల తేడా ఇదియే. భూమి మాటను కొంత దూరము పోనిచ్చినది. బలమును గుమ్మమువద్దనే నిలిపివేసినది.

ఈ నియమమును ఎదిరింపక, దానికి లోబడియే ఇంజనీర్లు ఉపాయములు పన్నిరి. మొదటిది దగ్గరగా పోవుట. అమెరికాలో నీటి గొట్టములపై నీలపు బంతులను, గ్యాసు గొట్టములపై పసుపు బంతులను, విద్యుత్తు తీగలపై ఎర్రని బంతులను పాతుదురు. బంతిలో బ్యాటరీ లేదు. ఒక తీగచుట్టయు, దానికి తగిన కెపాసిటరును మాత్రమే యుండును. పైన నడచు మనిషి చేతిలోని యంత్రము క్షణకాలము తరంగమును పంపి ఊరకుండును. బంతి ఆ బలముతోనే గంటవలె మ్రోగును; ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క స్వరము. సుమారు ఒకటిన్నర మీటరు లోతువరకు ఇది చెల్లును. బలము క్రిందికి, వార్త పైకి, రెండును మట్టిగుండానే.

రెండవది కూడబెట్టుట. పాతిన పరికరమునకు 10 మైక్రోవాట్టులే అందుచున్నను, గంటసేపు దాచినచో 36 మిల్లీజౌళ్ళగును. అది 36 మిల్లీవాట్టుల యంత్రమును ఒక్క సెకను నడుపును. ఆ సెకనులో సెన్సరు మేల్కొని, తేమను కొలిచి, నాలుగు అంకెలు పలికి, మరల నిద్రించవచ్చును. పొలమునకు గంట కొకమారు కొలిచిన తేమ చాలును. మట్టి తొందరపడునది కాదు.

2006లో ఆకిల్డిజ్, స్టంట్‌బెక్ అను పరిశోధకులు మట్టిలో పాతిన సెన్సరుల కూటములను గూర్చి ప్రకటించిన వ్యాసము పలువురి దృష్టి నాకర్షించెను. నాగలికిని ట్రాక్టరునకును అడ్డురాని సెన్సరు రైతునకు ఏ మడికి ఎప్పుడు నీరు కావలెనో చెప్పును. అనంతపురము వంటి కరవు సీమలో ఒక్క తడి ఆదాయైనను ఒక పంట నిలుచును. అయితే వాన కురిసిన దినముననే, అనగా చెప్పవలసిన వార్త యున్న దినముననే, తడిసిన మట్టి సెన్సరు గొంతు నొక్కును. ఆ దినమునకు సరిపోవునట్లు లెక్కకట్టిన సాధనమే పొలమున పనికివచ్చును.

తీగయే శత్రువైన చోటులును గలవు. మట్టి ఆనకట్టలో తీగను పాతినచో దాని వెంబడి నీరు ఊరి దారి చేసికొనవచ్చును. అణుధార్మిక వ్యర్థములను లోతున పాతి మూయుటలో ఈ భయము మరింత ఎక్కువ. బెల్జియములోని మోల్ అనుచోట 225 మీటర్ల లోతున, బంకమట్టి పొరలో, హేడిస్ అను పరిశోధనాలయము కలదు. అక్కడ వ్యర్థములు లేవు; పాతుటను గూర్చిన పరీక్షలు మాత్రమే జరుగును. 2009 నుండి 2013 వరకు సాగిన ఐరోపా పరిశోధనలో డచ్చి శాస్త్రజ్ఞులు ఆ లోతునుండి భూమిపైకి, తీగ లేకుండ, మందగతి తరంగములతో వార్తలను పంపి చూపిరి. మాట వచ్చినది. ఆ పరికరమునకు పదుల సంవత్సరములు బలమెవరు పోయుదురను ప్రశ్న తరువాతి పరిశోధనలకు మిగిలినది.

తరగతి గదిలో

ఈ సత్యమును ఉపాధ్యాయుడు తరగతిలోనే చూపవచ్చును. పాత రేడియో స్పీకరునకు పోవు తీగలను ఏబది చుట్లు గల చిన్న తీగచుట్టకు కలిపి, అట్టిదే మరియొక చుట్టను ధ్వనివర్ధక యంత్రపు మైకు రంధ్రమునకు తగిలించవలెను. రెండు చుట్టలను ఎదురెదురుగా నిలిపినచో పాట వినవచ్చును. నడుమ తడిమట్టి నింపిన ప్లాస్టిక్కు బక్కెట్టు పెట్టినను పాట దాదాపు తగ్గదు. మందగతి తరంగమునకు ఆ మాత్రపు మట్టి లెక్క కాదు. అల్యూమినియపు పళ్ళెము అడ్డుపెట్టినచో తగ్గును. లోహములో విద్యుత్సుడులు బలముగా పుట్టును. చుట్టల నడుమ దూరము ఒక మూర నుండి రెండు మూరలకు పెంచినచో పాట హఠాత్తుగా క్షీణించును. అప్పుడు ధ్వనివర్ధకపు మీట త్రిప్పినచో పాట మరల వినవచ్చును. అటుపిమ్మట ఆ రెండవ చుట్టకు ధ్వనివర్ధకమునకు బదులు ఒక చిన్న బల్బును తగిలించి వెలిగింప బ్రయత్నింపుమని పిల్లలకు చెప్పవలెను. అది వెలుగదు.

వెలుగని ఆ బల్బును చూచిన పిల్లవానికి టెస్లా గోపురమేల కూలినదో తెలియును. మీట త్రిప్పగా మరల వినిపించిన పాటను గుర్తుంచుకొనినవాడు, గనిలోనివాని గుసగుసను పట్టు చెవిని పైన నిర్మించుట అసాధ్యము కాదనియు గ్రహించును. బలము విషయమున ప్రకృతి గీచిన గీత యున్నది. మాట విషయమున మిగిలియున్నది మనుష్యుని శ్రమయే; సొరంగము త్రవ్వుటకు పెట్టిన శ్రద్ధలో కొంత, లోపలివాని మాట వినుటకును పెట్టవలెను.